హోటల్ కాలిఫోర్నియా పాటకు శ్రోతలు చెప్పుకున్న అర్థాలు

అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ 1976 డిసెంబరులో విడుదల చేసిన ఆల్బమ్‌కు పేరు పెట్టిన పాట ‘హోటల్ కాలిఫోర్నియా’. 1977 ఫిబ్రవరిలో అది విడిగా సింగిల్‌గా వచ్చి, మే నెలలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది గ్రామీ వేడుకలో ఉత్తమ రికార్డు పురస్కారం అందుకుంది. ఆరున్నర నిమిషాల పాటకు రేడియోలో అంత ఆదరణ దొరకడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. అయితే ఈ పాట విషయంలో అంతకంటే ఆలోచించదగినది మరొకటి ఉంది. దాదాపు యాభై ఏళ్లుగా దీన్ని విన్న ప్రతి తరమూ ‘ఇంతకీ ఆ హోటల్ ఏది?’ అని అడుగుతూనే ఉంది, అడిగిన ప్రతిసారీ కొత్త జవాబు పుడుతూనే ఉంది. పిచ్చాసుపత్రి అన్నారు, సైతానును కొలిచే చోటు అన్నారు, మత్తుమందు అన్నారు, నరకం అన్నారు, సంగీత వ్యాపారం అన్నారు, మెక్సికోలో నిజంగానే ఉన్న ఫలానా హోటల్ అన్నారు. వీటిలో ఏవి పాట మీద నిలబడతాయో, ఏవి పాటను పక్కకు నెట్టి తమ దారిన తాము నడుస్తాయో చూస్తే, ఒక పాటను అర్థం చేసుకోవడం అంటే ఏమిటన్నది కూడా కొంత తేటపడుతుంది.

పాటలోని కథ చిన్నదే. రాత్రివేళ ఎడారి దారిలో ఒకడు కారు నడుపుకుంటూ వస్తుంటాడు. చల్లగాలి, ఏదో మొక్క వాసన, దూరాన మిణుకుమనే వెలుగు. తల బరువెక్కి చూపు మసకబారడంతో ఆ రాత్రికి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదనుకుంటాడు. గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది, ఎక్కడో గంట వినబడుతుంది, ఇది స్వర్గమైనా కావచ్చు నరకమైనా కావచ్చు అని తనలో తాను అనుకుంటాడు. ఆమె కొవ్వొత్తి వెలిగించి దారి చూపుతుంది. లోపల నడవాలో గొంతులు స్వాగతం పలుకుతాయి, ముంగిట్లో నాట్యాలు సాగుతుంటాయి, పైకప్పుకు అద్దాలుంటాయి, మంచులో పెట్టిన షాంపేన్ ఉంటుంది. యజమాని గదిలో విందుకు చేరినవాళ్లు ఒక మృగాన్ని కత్తులతో పొడుస్తారు గాని చంపలేకపోతారు. చివరికి అతడు తలుపు వైపు పరుగు తీస్తే, రాత్రి కాపలావాడు ఆపి, గది ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేయవచ్చు గాని ఇక్కడి నుంచి వెళ్లడం మాత్రం కుదరదని చెబుతాడు. మాటలు అక్కడితో అయిపోతాయి. ఆ తర్వాత రెండు నిమిషాలకు పైగా గిటార్లే వినిపిస్తాయి.

ఈ కథనంలో వస్తువులు చాలా స్పష్టంగా ఉన్నాయి, కారణాలు మాత్రం ఒక్కటీ లేవు. కొవ్వొత్తి కనిపిస్తుంది, షాంపేన్ రంగు కూడా తెలుస్తుంది. కానీ ఆ స్త్రీ ఎవరో, ఆ మృగం ఏమిటో, తలుపులు ఎవరు మూశారో చెప్పరు. అంతా మసకగా ఉన్న పాటను శ్రోత మసకగానే అనుభవించి వదిలేస్తాడు. ఇంత వివరంగా చూపించి, ఎందుకో చెప్పకపోతే మాత్రం, ఆ ‘ఎందుకు’ను తానే పూరించాలన్న తపన పుడుతుంది. ఈ పాట చుట్టూ అల్లుకున్న వ్యాఖ్యానాలన్నిటికీ మూలం అదే.

ఆ పూరణల్లో ఎక్కువ ప్రచారం పొందినవి హోటల్‌కు చిరునామా వెతికేవి. లాస్ ఏంజెలెస్‌కూ శాంటా బార్బరాకూ మధ్య కమరిలో అనే ఊళ్లో 1936లో తెరిచిన ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉండేది. స్పానిష్ మిషన్ కట్టడాల పద్ధతిలో నిర్మించిన ఆ భవనానికి గంట గోపురం ఉంది. పాటలో గంట ఉంది, నడవాలో గొంతులున్నాయి, బయటికి పోలేని మనుషులున్నారు. ఇంకేం కావాలి అన్నది ఒక వాదం. ఆ చికిత్సాలయం 1997లో మూతపడి ఇప్పుడు విశ్వవిద్యాలయ ప్రాంగణమైంది గాని, ఆ మాట మాత్రం పోలేదు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో తోదోస్ సాంతోస్ అనే చిన్న పట్టణంలో ఇదే పేరుతో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న హోటల్ మరొక చిరునామా. అక్కడా దారి ఎడారిదే, దగ్గర్లో చర్చి ఉంది. ఆ హోటల్ తమ పాటతో సంబంధం ఉన్నట్టు సందర్శకులను నమ్మిస్తోందంటూ ఈగల్స్ 2017లో అమెరికా కోర్టులో దావా వేశారు. 2018 ఆరంభంలో అది రాజీతో ముగిసింది.

సైతాను వాదానికి మరింత పెద్ద చరిత్ర ఉంది. ఆంటన్ లవే అనే వ్యక్తి 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలో చర్చ్ ఆఫ్ సేటన్ స్థాపించాడు. ఆల్బమ్ అట్ట విప్పితే లోపల హాలీవుడ్‌లోని లిడో హోటల్ లాబీలో జనం గుమిగూడిన ఫొటో ఉంటుంది. పై బాల్కనీలో ఒక ఆకారం మసకగా కనిపిస్తుంది. అది లవేనే అని కొందరు తేల్చేశారు. విందులో చావని మృగం, స్వర్గమో నరకమో తెలియని గుమ్మం, ఈ నీడ, మూడూ కలిసి వాళ్లకు రుజువులైపోయాయి. నిజానికి ఆ లాబీలోని జనమంతా ఫొటో కోసం పోగుచేసినవాళ్లు. ముందు అట్ట మీది భవనమైతే అసలు వేరే హోటల్, లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న బెవర్లీ హిల్స్ నగరంలోని బెవర్లీ హిల్స్ హోటల్. సంధ్య వెలుగులో తాటిచెట్ల పైనుంచి కనిపించేలా దాన్ని ఫొటో తీశారు. అట్ట పైన ఒక హోటల్, లోపల ఇంకొక హోటల్ ఉండటాన్ని బట్టే, ఆల్బమ్ తయారుచేసినవాళ్ల మనసులో ఒక ఫలానా భవనం లేదని గ్రహించవచ్చు.

యాదృచ్ఛికమైన పోలికలే రుజువులైతే వీటన్నిటినీ మించిన పోలిక ఇంకొకటి ఉంది. ఈగల్స్ రికార్డులు విడుదల చేసిన సంస్థ పేరు అసైలమ్ రికార్డ్స్. ఇంగ్లిషులో ఆ మాటకు ఆశ్రయమనీ, పిచ్చాసుపత్రి అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. కమరిలో వాదులకు ఇది పెద్ద సాక్ష్యం. పాట సంగీత వ్యాపారం గురించేనని వాదించేవారికి అంతకన్నా పెద్ద సాక్ష్యం. ఒకే ఆధారం రెండు విరుద్ధమైన వాదాలకు సమానంగా ఉపయోగపడుతున్నదంటే, అది దేనికీ ఆధారం కాదని ఒప్పుకోవాల్సి ఉంటుంది.

ఈ వాదాలన్నిటిలో ఉన్న చిక్కు ఒకటే: ఇవి పాటను పొడుపుకథగా తీసుకుంటాయి. పొడుపుకథకు విప్పు ఒక్కటే ఉంటుంది, అది దొరికాక పొడుపుతో పని ఉండదు. ఎడారి, కొవ్వొత్తి, అద్దాలు అన్నీ ‘పిచ్చాసుపత్రి’ అన్న ఒక్క జవాబు కోసం పెట్టిన గుర్తులే అయితే, ఆ జవాబు తెలిసిన మనిషి పాటను మళ్లీ వినవలసిన అవసరం లేదు. మన అలంకారశాస్త్రం ఇక్కడ బాగా పనికివస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పిన ధ్వని, వాచ్యార్థాన్ని తీసేసి దాని స్థానంలో కూర్చునే రహస్యార్థం కాదు. మాటలు చెప్పే అర్థం చెబుతూ ఉండగానే, దాన్ని ఆసరా చేసుకుని సహృదయుడి మనసులో స్ఫురించేది ధ్వని. దీపం వెలుగుతుంటేనే వస్తువు కనబడినట్టు, వాచ్యార్థం నిలిచి ఉంటేనే ధ్వని నిలుస్తుంది. కాబట్టి ఏ వ్యాఖ్యానాన్నైనా పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. అది పాటలోని మాటలను వెలిగిస్తోందా, లేక వాటిని గుర్తులుగా వాడుకుని వదిలేస్తోందా అని చూడాలి.

1969 ప్రస్తావన వచ్చే చోట ఈ పరీక్ష బాగా తేలుతుంది. ముంగిట్లో జనం ఆడుతుంటారు. కొందరు గుర్తుంచుకోవడానికి, కొందరు మరచిపోవడానికి అంటుంది పాట. వెంటనే అతడు హోటల్ కెప్టెన్‌ను పిలిచి తనకు వైన్ తెమ్మంటాడు. 1969 తర్వాత ఆ ‘స్పిరిట్’ ఇక్కడ దొరకలేదని జవాబు వస్తుంది. ఇంగ్లిషులో ఆ మాట బట్టీలో కాచి దించిన మద్యానికీ చెల్లుతుంది, మనుషుల్లోని చైతన్యానికీ చెల్లుతుంది. సైతాను వాదులు ఈ సంవత్సరాన్ని చూసి, లవే రాసిన గ్రంథం వెలువడింది 1969లోనే గదా అన్నారు. వైన్ పులియబెట్టినదే గాని బట్టీలో కాచి దించినది కాదు కాబట్టి రచయితలు పొరబడ్డారని ఇంకొందరు అన్నారు. ఆ అభ్యంతరాన్ని ఒక పాత్రికేయుడు 2009లో నేరుగా పాట రచయితల్లో ఒకరైన డాన్ హెన్లీ ముందే పెట్టినప్పుడు, ఆ పంక్తికి మద్యంతో పెద్దగా సంబంధం లేదనీ, అది సమాజం గురించీ రాజకీయాల గురించీ అన్న మాటనీ ఆయన గట్టిగానే బదులిచ్చాడు.

ఆయన చెప్పకపోయినా, ముందు పంక్తే ఆ దారి చూపిస్తుంది. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి లక్షల మంది యువత తరలివచ్చి మూడు రోజులకు పైగా శాంతిగా గడిపారు. అదే ఏడాది డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ పాడుతుండగా, వేదిక ముందే ఒక యువకుణ్ణి పొడిచి చంపారు. ఒక తరం ప్రేమ, శాంతి అంటూ పెట్టుకున్న ఆశ ఆ ఏడాదిలోనే శిఖరానికి చేరి, ఆ ఏడాదిలోనే కూలింది. ఈ సంగతి తెలిసిన శ్రోతకు, ఆడుతున్నవాళ్లు ఏం గుర్తుంచుకోవాలనుకుంటున్నారో, ఏం మరచిపోవాలనుకుంటున్నారో, అడిగిన వైన్ ఎందుకు దొరకదో అన్నీ ఒకేసారి అందుతాయి. సైతాను వ్యాఖ్యానం చేతిలో ఒక తేదీ మిగులుతుంది గాని, పక్కనున్న నాట్యం దానికి అక్కరకు రాదు. రెండిటిలో ఏది బలమైనదో తేల్చడానికి రచయితను సాక్షిగా పిలవనక్కరలేదు.

మత్తుమందు వ్యాఖ్యానం ఇంత తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. మొదట్లో గాలిలో వచ్చే వాసన గంజాయి మొగ్గలదని చాలామంది శ్రోతలు మొదటినుంచీ అనుకున్నారు. పాటలో ఆ మొక్కకు వాడిన ‘కొలీటాస్’ అన్న మాటకు మెక్సికన్ స్పానిష్ వాడుకలో ఆ అర్థం ఉంది కూడా. 1970ల నడుమ లాస్ ఏంజెలెస్ సంగీత ప్రపంచంలో కొకైన్ ఎంతగా పాకిపోయిందో ఆనాటి సంగీతకారులే, ఈగల్స్ సభ్యులతో సహా, తర్వాత దాపరికం లేకుండా చెప్పారు. చంపబోతే చావని మృగం వ్యసనానికి చక్కగా కుదురుతుంది. గది ఖాళీ చేయవచ్చు గాని వెళ్లలేవన్న చివరి మాట, మానేశానని చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టే మనిషికి అంతకంటే బాగా కుదురుతుంది. వ్యసనంతో పోరాడినవాళ్లు ఈ పాటను తమ పాటగా చెప్పుకుంటే, అందులో బలవంతపు అన్వయం ఏమీ లేదు. అయితే నగల దుకాణాన్నీ ఖరీదైన కారునూ మాటల్లో మెలిపెట్టి ఆ స్త్రీ మనస్తత్వాన్ని చెప్పే చరణం ఈ వ్యాఖ్యానంలో ఇమడదు. అక్కడ ఉన్నది సంపద మీది మోజు. దాన్ని కేవలం అలంకారంగా చూసి దాటేస్తే గాని మత్తుమందు అర్థం పాటంతా పరుచుకోదు. అందుచేత మత్తు అనేది ఇక్కడ ఒక రూపమే. పాట పట్టుకున్నది అంతకన్నా విశాలమైన కోరిక.

రచయితల మాటలు ఎంతవరకు తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. ఈ పాటకు ముందు పుట్టింది మాట కాదు, బాణీ. బృందంలోని గిటారిస్టు డాన్ ఫెల్డర్ మాలిబూలో అద్దెకు తీసుకున్న సముద్రతీరపు ఇంట్లో గిటార్ వరసను టేపు మీద రికార్డు చేసి మిగతావారికి ఇచ్చాడు; స్పానిష్ గాలి, జమైకా సంగీతమైన రెగే లయ కలిసి ఉండటంతో బృందం దాన్ని ‘మెక్సికన్ రెగే’ అని పిలుచుకుంది. ఆ టేపు విన్న తర్వాతే హెన్లీ, బృందంలోని మరో సభ్యుడు గ్లెన్ ఫ్రై కథను అల్లారు. వింత లోకంలోకి తలుపు తెరుచుకునే టెలివిజన్ కథలాగా, ఒక్కొక్క పంక్తీ ఒక్కొక్క దృశ్యంగా కదిలేలా రాయాలనుకున్నామని ఫ్రై చెప్పాడు. అమాయకత్వం నుంచి అనుభవానికి సాగే ప్రయాణమని హెన్లీ ఒకసారి, అమెరికన్ కల వెనకనున్న చీకటి గురించీ మితిమీరిన భోగం గురించీ అని మరొకసారి చెప్పాడు. రాత్రిపూట కారులో లాస్ ఏంజెలెస్‌కు వచ్చేవారికి ఎంతో దూరం నుంచే దిగంతంలో కనిపించే వెలుగును ఫెల్డర్ గుర్తు చేసుకున్నాడు. ముగ్గురూ బయటినుంచి వచ్చినవాళ్లే: హెన్లీది టెక్సస్‌లోని చిన్న ఊరు, ఫ్రైది డెట్రాయిట్, ఫెల్డర్‌ది ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్. ఈ మూడు వివరణల్లో ఏదీ మిగతా రెండిటిని కొట్టివేయడం లేదు. చిరునామా అడిగినవారికి మాత్రం వారిలో ఎవరూ చిరునామా ఇవ్వలేదు.

వ్యాఖ్యానకారులు చాలామంది సంగీతాన్ని పూర్తిగా వదిలేసి మాటల్నే తవ్వుతారు. ఇంగ్లిషు అంతంతమాత్రంగా తెలిసిన శ్రోతలు కూడా ఈ పాటలో ఏదో బిగుసుకుంటున్నదని పోల్చుకోగలుగుతున్నారంటే కారణం సంగీతమే. బి మైనర్‌లో మొదలయ్యే చరణం ఎనిమిది కార్డుల, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల, వరస: బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్లీ ఎఫ్ షార్ప్. నడుమ కాసేపు మేజర్ కార్డుల్లో వెలుతురు పడినట్టనిపించినా, వరస చివర ఆగే ఎఫ్ షార్ప్ విశ్రాంతినిచ్చేది కాదు. బి మైనర్‌కు పోయి తీరాలని చెవిని లాగే కార్డు అది. అందువల్ల ప్రతి చరణం ముగిసేచోటే మళ్లీ మొదలవుతుంది. హోటల్‌కు స్వాగతం పలికే పల్లవి జి మేజర్‌తో హాయిగా విచ్చుకుంటుంది గాని, దాని చివరా ఉన్నది అదే ఎఫ్ షార్ప్. అంటే స్వాగతం కూడా తిప్పి తిప్పి అదే గదిలోకి తెస్తుంది. కాపలావాడు మాట అన్న తర్వాత ఫెల్డర్, బృందంలోని మరో గిటారిస్టు జో వాల్ష్ వంతులవారీగా వాయించి చివరికి జంటగా కలిసిపోయే సోలో కూడా ఆ ఎనిమిది కార్డుల మీదే తిరుగుతుంది, తిరుగుతూనే సన్నగిల్లిపోతుంది. రికార్డులో ఎక్కడా ముగింపు స్వరం లేదు.

ఈ సోలో అప్పటికప్పుడు తోచినట్టు వాయించింది కాదు. మయామీలోని క్రైటీరియా స్టూడియోలో రికార్డింగు జరుగుతున్నప్పుడు ఫెల్డర్, వాల్ష్ కొత్తగా అల్లుకుంటూ వాయించబోతే, మొదటి టేపులో ఎలా ఉందో అలాగే ఉండాలని హెన్లీ పట్టుబట్టాడు. టేపు కాలిఫోర్నియాలో ఉండిపోయింది. ఫెల్డర్ ఇంటికి ఫోన్ చేసి, ఇల్లు చూసుకునే మనిషి చేత క్యాసెట్ వేయించి, ఫోన్‌లో విని, తాను వాయించినదాన్ని తానే తిరిగి నేర్చుకున్నాడు. ఇంత పట్టుదలతో నిలబెట్టుకున్న భాగాన్ని, అర్థం చెప్పేటప్పుడు పాట అయిపోయాక వచ్చే వాద్యమని పక్కన పెట్టడం న్యాయం కాదు. వెళ్లలేవన్న మాట నిజమేనని శ్రోత తెలుసుకునేది ఆ రెండు నిమిషాల్లోనే.

అద్దాల పైకప్పు, షాంపేన్ కనిపించిన వెంటనే ఆ స్త్రీ ఒక మాట అంటుంది: ఇక్కడ అందరం మేం కల్పించుకున్న చెరలోనే ఖైదీలం అని. పాటకు ఆయువుపట్టు ఈ మాట. ప్రసిద్ధికెక్కిన చాలా వ్యాఖ్యానాలు దీన్నే దాటవేస్తాయి. సైతానో, ఆసుపత్రివాళ్లో, రికార్డు కంపెనీయో తాళం వేశారంటే దోషం బయటివాడిది అవుతుంది, లోపలివాళ్లు బాధితులవుతారు. పాట అలా అనడం లేదు. ఇందులో ఎవరూ ఎవరినీ బంధించరు. అతణ్ణి లోపలికి తెచ్చింది అలసట, కూర్చోబెట్టింది సుఖం, పరుగెత్తించింది ఆలస్యంగా వచ్చిన తెలివి. కాపలావాడు కూడా కోపగించుకోడు, గొలుసు చూపించడు, స్థిమితపడమని చెప్పి, వచ్చినవాళ్లకు చోటివ్వడమే తమ పని అంటాడంతే. ఆ మర్యాదలో ఉన్న భయం ఏ రాక్షసుడిలోనూ ఉండదు.

ఇలా విన్నప్పుడు, రచయితలు ఊహించని శ్రోతలకూ పాటలో చోటు దొరుకుతుంది. కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్, శాన్ హోసే వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్లలో, నాలుగేళ్లు ఉండి నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చేద్దామని బయలుదేరినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇల్లు, పిల్లల చదువు, అలవాటైన సదుపాయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాక, తిరుగు ప్రయాణం ఏటికేడు వెనక్కి జరుగుతుంది. అలాంటి మనిషి రాత్రిపూట కారులో వెళ్తూ ఈ పాట విని తన కథే విన్నట్టు ఉలిక్కిపడితే, ఆ స్ఫురణను తప్పనడానికి లేదు, ఎందుకంటే అది పాటలోని సుఖాన్నీ చెరనూ రెండిటినీ కలిపే పట్టుకుంటుంది, తాళం ఎవరు వేశారన్న ప్రశ్నను తనవైపే తిప్పుకుంటుంది. అదే మనిషి అక్కడితో ఆగక, మృగమంటే వీసా విధానమనీ, కాపలావాడంటే ఫలానా అధికారి అనీ, పంక్తికొక నిబంధన చొప్పున జత చేయడం మొదలుపెడితే మాత్రం, అతడు కూడా కమరిలో గంట గోపురం వెతికినవాళ్ల వరసలో చేరతాడు.